బండి పోయినా అచ్చులు ఉండాలి

మా ప్రాజెక్టులో ఒక పాత మాడ్యూల్ ఉంది. రాసినవాళ్ళు ఎవరూ ఇప్పుడు కంపెనీలో లేరు. బైనరీ ప్రొడక్షన్‌లో శుభ్రంగా నడుస్తోంది, సోర్స్ మాత్రం ఎక్కడుందో ఎవరికీ తెలీదు. పోయిన నెల అందులో ఒక చిన్న మార్పు చెయ్యాల్సొచ్చి మూడు రాత్రులు జాగారం చేశాను, శివరాత్రి పుణ్యం కూడా దక్కలేదు. ఆ చిరాకులో ఉన్నప్పుడే నాకు ఎంజీబీ కారు కథ గుర్తొచ్చింది. కార్ల పిచ్చి లేనివాళ్ళు కూడా కాస్త ఓపిగ్గా చదవండి, చివరికి మన దగ్గరికే వస్తుంది.

ఎంజీబీ అంటే రెండు సీట్లు, మడిచేసే టాపు ఉన్న ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. 1962లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్డన్ అనే చిన్న ఊళ్ళో తయారయ్యేది. ఇదేమీ కోటీశ్వరుల బండి కాదు. అందులో ఉన్న 1798 సీసీ బి-సిరీస్ ఇంజను ఆ కంపెనీ మామూలు కార్లలో వాడిన ఇంజను కుటుంబానిదే. అందుకే ఐదు లక్షలకి పైగా తయారయ్యాయి, ఎక్కువ భాగం అమెరికా వెళ్ళాయి. 1979 సెప్టెంబరులో ఊరంతా ఎంజీ 50 ఏళ్ళ పండగ చేసుకుంది. ఆ సందడి సద్దుమణగక ముందే, ఆబింగ్డన్‌లో కార్ల తయారీ ఆపేస్తున్నామని బ్రిటిష్ లేలాండ్ ప్రకటించింది. 1980 అక్టోబరుతో ఫ్యాక్టరీ మూతపడింది.

అసలు కష్టం అక్కడ మొదలైంది. ఇంజను పాడైతే బాగుచేయించొచ్చు. కార్బురేటర్ స్పిండిల్ అరిగితే కొత్త బుష్ వేయించొచ్చు. కానీ ఎంజీబీకి విడిగా చాసిస్ ఉండదు, రేకు బాడీయే చాసిస్. తలుపుల కింద ఉండే సిల్స్ బండి బరువు మోస్తాయి. ఇంగ్లండులో చలికాలం రోడ్ల మీద ఉప్పు జల్లుతారు కదా, ఆ సిల్స్ లోపల్నుంచి తుప్పు పట్టి పోతాయి. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల వెన్నెముక పొడి అయిపోయి ఉంటుంది. అతుకులు వేయించీ వేయించీ చివరికి ఏదో ఒకరోజు బండిని తుక్కుకి వేసెయ్యడమే.

ఇక్కడ కథలోకి డేవిడ్ బిషప్ అనే పెద్దమనిషి వచ్చాడు. పాత బ్రిటిష్ కార్లకి సామాను అందించడానికి ఉన్న బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థలో ఆయన పనిచేసేవాడు. ఆయన అడిగిన ప్రశ్న చాలా సింపుల్: ఈ బాడీ రేకుల్ని మొదట నొక్కిన అచ్చులు ఇప్పుడు ఎక్కడున్నాయి? కారు ఆపేశారు గానీ అచ్చులన్నిటినీ కరిగించలేదు. అక్కడా ఇక్కడా పడున్నవాటిని వెతికి, పోగేసి, బాగుచేయించారు. ఫారింగ్డన్ అనే ఊళ్ళో చిన్న వర్క్‌షాపు పెట్టి, 1988లో సరికొత్త ఎంజీబీ బాడీ షెల్ బయటికి తెచ్చారు. ఫ్యాక్టరీ మూసిన ఎనిమిదేళ్ళకి! ఆ తరవాత మిడ్జెట్, టీఆర్6 కార్ల షెల్స్ కూడా వచ్చాయి.

ఇంకో తమాషా ఏంటంటే, ఈ షెల్ చూశాక కంపెనీకే ఆశ పుట్టింది. దాన్ని మార్చి, రోవర్ వీ8 ఇంజను పెట్టి, 1992లో ఎంజీ ఆర్‌వీ8 అని కొత్త కారే విడుదల చేసింది. దాదాపు 2000 తయారయ్యాయి, అందులో నాలుగింట మూడొంతులకి పైగా జపాన్ వాళ్ళే కొనుక్కున్నారు. స్పేర్ పార్టు ముందు పుట్టి, దాన్నుంచి కారు పుట్టడం నాకు తెలిసి ఇంకెక్కడా జరగలేదు.

మరి బాడీయే కొత్తదైతే అది పాత కారెలా అవుతుంది? మా తాతగారి గొడ్డలికి పిడి మూడుసార్లు, తల రెండుసార్లు మార్చాం అన్నట్టుంది కదూ. బ్రిటన్ రిజిస్ట్రేషన్ శాఖ ఈ వేదాంతానికి చాలా ఏళ్ళ పాటు పాయింట్లు పెట్టి నడిపించింది. పాత బాడీ, లేదా అదే స్పెసిఫికేషన్‌తో వచ్చిన కొత్త బాడీ అయితే 5 పాయింట్లు. సస్పెన్షన్, యాక్సిల్స్, గేర్ బాక్స్, స్టీరింగ్ ఒక్కోదానికి 2. ఇంజనుకి మాత్రం 1. మొత్తం 8 వస్తే పాత నంబరు నిలిచేది. మనం గుండెకాయ అనుకునేదానికి ఒక్క పాయింటేనన్నమాట!

ఐదు లక్షల కార్లుంటే అచ్చులు బాగుచేయించినా గిట్టుబాటవుతుంది. మరి మూడొందలు కూడా లేని కారు సంగతి? పోర్షే 959లు 292 మాత్రమే. దాని క్లచ్ రిలీజ్ లీవర్ స్టాకు అయిపోతే, పోర్షే క్లాసిక్ విభాగం స్టీలు పొడిని పొరలు పొరలుగా లేజర్‌తో కరిగించి ఆ లీవర్‌ని త్రీడీ ప్రింట్ చేసింది. 2018లో ఆ సంగతి ప్రకటించింది. జపాన్‌లో మాజ్దా, నిస్సాన్ 2017లో, టయోటా 2020లో తమ పాత స్పోర్ట్స్ కార్లకి ఆపేసిన సామాను మళ్ళీ చెయ్యడం మొదలెట్టాయి.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. 1990ల నాటి మెక్‌లారెన్ ఎఫ్1 కారుతో మాట్లాడాలంటే ఆనాటి కాంపాక్ ల్యాప్‌టాపే కావాల్సొచ్చేది. అందులో ప్రత్యేకమైన కార్డు, దాని మీద డాస్ సాఫ్ట్‌వేర్. మొత్తం 106 కార్లు, ఒక్కోటీ కోట్లలో పలుకుతుంది. వాటి సర్వీసు కోసం కంపెనీ పాత ల్యాప్‌టాపులు వెతుక్కుంటోందని 2016లో బయటికొచ్చింది. అక్కడ దొరకని స్పేర్ పార్టు రేకు కాదు, ఒక కంప్యూటరు!

ఎంజీబీని బతికించింది మిగిలిన కార్లు కాదు, మిగిలిన అచ్చులు. మన విషయంలో కారు అంటే బైనరీ, అచ్చు అంటే సోర్స్, కంపైలర్, బిల్డ్ స్క్రిప్టులు, "ఇది ఇలా ఎందుకు రాశామంటే" అని రాసిన నాలుగు ముక్కలు. ఇవాళ రోడ్డెక్కే ప్రతి కారులోనూ మనలాంటివాడు రాసిన కోడ్ ఉంది. ముప్ఫై ఏళ్ళ తరవాత ఎవడో ముచ్చటపడి దాన్ని బాగుచేసుకుందామనుకుంటే, రేకు ఎలాగోలా కొట్టించుకుంటాడు. మన కోడ్ ఎక్కడ దొరుకుతుంది?

నేనైతే ఆ మూడు రాత్రుల్లో తెలుసుకున్నదంతా, బిల్డ్ చేసే పద్ధతితో సహా, రాసి రిపాజిటరీలో పెట్టాను. మేనేజరు "ఇది టైమ్‌షీట్‌లో ఎక్కడ వేశావ్?" అని అడిగాడు. స్పేర్ పార్ట్స్ కింద వెయ్యమని చెప్పాలనిపించింది.