నర్సీపట్నం ప్రాంతంలో సుస్థిర గ్రామీణాభివృద్ధి

నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో ఒక రెవెన్యూ డివిజన్ కేంద్రం. లంబసింగి, చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు ఎక్కేవారికి మైదానంలో తగిలే చివరి పెద్ద ఊరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు ఊరు అనకాపల్లి వైపు, కొండ అల్లూరి సీతారామరాజు జిల్లా వైపు పడ్డాయి. వానకు ఆ హద్దు పట్టదు. కొండల్లో కురిసిన నీరే తాండవ జలాశయంలో చేరి అనకాపల్లి, కాకినాడ జిల్లాల పొలాలకు పారుతుంది. మీద అడవి పలచబడితే కింది ఆయకట్టుకే నష్టం.

నీటి తర్వాత మరో చిక్కు, పనిచేసే చేతులు తగ్గడం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సంతానోత్పత్తి రేటు, అంటే ఒక్కో మహిళకు సగటు పిల్లల సంఖ్య, 1.7. జనాభా తరగకుండా ఉండాలంటే అది 2.1 ఉండాలి. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. అయితే ఇవాళ పుట్టే బిడ్డ పనికి అందిరావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. ఈలోగా కుర్రకారు విశాఖ, అచ్యుతాపురం, పరవాడ పరిశ్రమల బాట పడుతోంది. చెరకు నరకడానికి కూలీలను వెతుక్కోవలసి వస్తోంది.

వాతావరణ ఒడిదుడుకులను తట్టుకునే సేద్యంగా రాష్ట్రం ముందుకు తెచ్చింది ప్రకృతి వ్యవసాయాన్ని. రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి దక్కింది. ఇందులో ఎరువు బస్తాకు బదులు వాడేది ద్రవ జీవామృతం. ఎకరానికి సరిపడే జీవామృతానికి 200 లీటర్ల నీరు, పది కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కావాలి. నీడన ఉంచి, పూటపూటా కర్రతో కలియబెట్టాలి. తొలకరికి ముందే, బంకమట్టి, బూడిద పట్టించిన నవధాన్యాల విత్తనాలను పొడి దుక్కిలో చల్లుతారు. చిన్న జల్లు పడినా మొలుస్తాయి, నేల పచ్చగా కప్పుకొని ఉంటుంది.

పెట్టుబడి తగ్గే మాట నిజమే. కానీ ఎరువు బస్తాకు పోయే డబ్బు మిగిలిన చోట మనిషి శ్రమ పెరుగుతుంది. పశువులు, ఓపికున్న చేతులు రెండూ తగ్గుతున్న ఊళ్లలో ఇదే అసలు చిక్కు. జీవామృతాన్ని ఊరికొకచోట తయారుచేసి అమ్మే ఏర్పాటు లేకుంటే వృద్ధ రైతులకు ఈ పద్ధతి బరువే.

అదే చెట్టు పంటలకైతే ఏటా దుక్కి, విత్తు అక్కర్లేదు. మైదానాన జీడిమామిడి, చింతపల్లి కొండల్లో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే పాకే మిరియం అలా నిలదొక్కుకున్నవే. పోడు సేద్యానికి బదులుగా వచ్చిన కాఫీకి ‘అరకు వ్యాలీ అరబికా’ పేరుతో 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. గాలికి మాత్రం ఈ తోటలు లోకువే: 2014 అక్టోబరు 12న విరుచుకుపడ్డ హుద్‌హుద్ తుపాను మన్యంలో నీడచెట్లను నేలకూల్చింది. పైగా కాఫీ పండ్లు ఒక్కసారిగా పండవు. ఎర్రబడినవాటినే ఏరుతూ విడతలవారీగా చేత్తో కోయాలి, ఆ ఏటవాలులో యంత్రం నడవదు.