మూడు వేళ్ళ మొర్దెకై

ఎస్తేరు గ్రంథం చదివినవారికి మొర్దెకై పేరు కొత్త కాదు. ఈ వారం మేము చెప్పబోయేది ఆ పేరే పెట్టుకుని అమెరికాలో బేస్‌బాల్ ఆడిన మరొకాయన గురించి.

మొర్దెకై బ్రౌన్ 1876లో ఇండియానా రాష్ట్రంలో నైస్‌విల్ అనే పల్లెలో పుట్టాడు. అమెరికా స్వాతంత్ర్యానికి నూరేళ్ళు నిండిన ఏడాది గనుక ఆయన పేరులో సెంటెనియల్ అని కూడా చేర్చారు. చిన్నతనంలో పశువుల మేత కోసే మిషన్‌లో కుడిచెయ్యి పడింది. మన ఊళ్ళలో చొప్ప కటింగ్ మిషన్ చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. చూపుడు వేలు చాలావరకు పోయింది. ఆ గాయం మానకముందే మళ్ళీ పడి మిగతా వేళ్ళు విరగ్గొట్టుకున్నాడు. అవి వంకరగానే అతుక్కున్నాయి. పెద్దయ్యాక బొగ్గు గనిలో పని, తీరిక దొరికితే ఆట.

బేస్‌బాల్‌లో పిచ్చర్ అంటే మన క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు. బ్రౌన్ విసిరితే బంతి ఆ మొండి వేలి మీదుగా జారి, గిర్రున తిరుగుతూ వెళ్ళి, కొట్టేవాడి దగ్గర ఒక్కసారిగా కిందికి దిగిపోయేది. 1906లో షికాగో కబ్స్ తరఫున ఆడుతూ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.04 పరుగులే ఇచ్చాడు. ఆ ఏటి నుంచి వరుసగా ఆరేళ్ళు, ఏటా ఇరవైకి తగ్గకుండా మ్యాచ్‌లు గెలిచాడు.

వేలు పోవడమే దేవుడిచ్చిన వరమని ప్రసంగంలో చెప్పేయడం తేలిక. మేము అలా అనము. మిషన్‌లో చెయ్యి నలిగిన పిల్లవాడి తల్లి ఎదుట నిలబడి ఆ మాట అనగలమా? ఆ మొండి వేలు నీకు మేలు చేసిందా అని అడిగితే, మామూలు చేత్తో ఎన్నడూ విసరలేదు గనుక తెలియదని బ్రౌన్ అన్నట్టు చెప్పుకుంటారు. మాకు ఆ జవాబే నచ్చింది.

అప్పట్లో భక్తిపరులు మెచ్చిన పిచ్చర్ వేరే ఉన్నాడు, న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు క్రిస్టీ మాథ్యూసన్. ఆదివారం బంతి పట్టనని తల్లికి మాట ఇచ్చినవాడు. 1908 అక్టోబరు 8న న్యూయార్క్‌లో, లీగ్ విజేత ఎవరో తేల్చే మ్యాచ్‌లో వీళ్ళిద్దరూ ఎదురుపడ్డారు. కబ్స్ మొదట దింపిన పిచ్చర్ తడబడితే మొదటి ఇన్నింగ్స్‌లోనే బ్రౌన్ వచ్చి 4-2తో గెలిపించాడు. ఆదివారాన్ని ఆచరించినవాడే గెలవాలని ఎక్కడా రాసిలేదు మరి!

1916 సెప్టెంబరు 4న షికాగోలో ఇద్దరూ మళ్ళీ తలపడ్డారు. మాథ్యూసన్ అప్పటికి సిన్సినాటి జట్టుకు మారాడు. ఇద్దరి చేతుల్లోనూ మునుపటి సత్తా లేదు, పరుగులు ధారాళంగా వచ్చాయి. 10-8తో మాథ్యూసన్ గెలిచాడు. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ మేజర్ లీగ్‌లో బంతి విసరలేదు.