ప్రసవవేళ భర్త: పాపిట తీసే విధి నుంచి ప్రసూతి గది దాకా

గర్భవతి విషయంలో భర్తకు కొన్ని బాధ్యతలున్నాయన్న భావన భారతీయ సంప్రదాయంలో ప్రాచీనమైనదే అయినా, ఆ బాధ్యతలు చిరకాలం కర్మకాండకూ నిషేధాలకూ పరిమితమయ్యాయి తప్ప, ప్రసవానికి సంబంధించిన పరిజ్ఞానాన్ని అతనికి అందించలేదు. గృహస్థుడు ఇంట జరపవలసిన సంస్కారాలను వివరించే ఆపస్తంబ గృహ్యసూత్రం ప్రకారం, మగసంతానాన్ని కోరి చేసే పుంసవనంలో మర్రి మొగ్గల రసాన్ని భార్య కుడి ముక్కుపుటంలో వేయవలసినవాడు భర్తే. నేటి శ్రీమంతానికి మూలమైన సీమంతోన్నయనంలో ఏదుపంది ముల్లుతో ఆమె పాపిట తీయవలసినవాడూ అతడే. తర్వాతి ధర్మశాస్త్ర సంకలనాలు గర్భిణీపతికి, అనగా గర్భవతి భర్తకు, క్షౌరం, దూరప్రయాణం, గృహనిర్మాణం, శవానుగమనం వంటివి నిషేధించాయి.

నొప్పులు మొదలయ్యాక మాత్రం వ్యవహారమంతా మంత్రసాని చేతికీ పెద్ద ముత్తైదువుల చేతికీ వెళ్లేది. తొలి కాన్పు పుట్టింట జరగడం తెలుగునాట ఆనవాయితీ కనుక, భర్త అనేక సందర్భాలలో ఆ ఊళ్లోనే ఉండేవాడు కాడు. ఇందుకు భిన్నమైన ఒక ఆచారాన్ని గోదావరి ప్రాంతపు ఎరుకలవారిలో గమనించినట్లు జాన్ కెయిన్ అనే మిషనరీ 1874లో ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రికలో రాశారు. భార్యకు నొప్పులు రాగానే భర్త ఆమె చీర కట్టి, బొట్టు పెట్టుకుని, చీకటి గదిలో దుప్పటి కప్పుకొని పడుకునేవాడనీ, పుట్టిన బిడ్డను అతని పక్కన ఉంచి, ఇంగువ, బెల్లం వంటి పురిటి పదార్థాలను కూడా అతనికే ఇచ్చేవారనీ ఆయన కథనం. తండ్రి పురిటాలి స్థితిని అనుకరించే ఇటువంటి ఆచారాలను మానవశాస్త్రజ్ఞులు ‘కువాడ్’ అని వ్యవహరిస్తారు.

పాశ్చాత్య దేశాలలో ప్రసవం ఇంటి నుంచి ఆసుపత్రికి మారినప్పుడు భర్త స్థానం నిరీక్షణ గదికి పరిమితమైంది. భయం కండరాలను బిగబట్టి నొప్పిని పెంచుతుందని బ్రిటిష్ వైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్ 1933లో ‘సహజ ప్రసవం’ గురించిన తన గ్రంథంలో ప్రతిపాదించగా, సోవియట్ పద్ధతులను 1951లో పరిశీలించి వచ్చిన ఫ్రెంచి వైద్యుడు ఫెర్నాండ్ లమాజ్, శ్వాసను క్రమపరచుకునే శిక్షణను పారిస్‌లో ప్రవేశపెట్టారు. అమెరికాలో డెన్వర్ వైద్యుడు రాబర్ట్ బ్రాడ్లీ ఇంకొక అడుగు ముందుకు వేసి, భార్యకు ప్రసవవేళ మార్గనిర్దేశం చేయవలసినవాడు శిక్షణ పొందిన భర్తేనని 1965 నాటి గ్రంథంలో వాదించారు. అయినా ఆసుపత్రుల ద్వారాలు తేలికగా తెరుచుకోలేదు. ప్రసూతి గదిలో ఉండే రాజ్యాంగ హక్కు భర్తకు లేదని అమెరికాలోని ఒక ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం 1975లో తీర్పు చెప్పింది.

ఆ తర్వాత చర్చ భర్త సన్నిధి నుంచి అతని అవగాహన వైపు మళ్లింది. మాతృమరణాలకు దారితీసే జాప్యాలను తాడియస్, మెయిన్ అనే పరిశోధకులు 1994లో మూడుగా విభజించారు: వైద్యసహాయం కోరాలని నిర్ణయించడంలో జాప్యం, ఆసుపత్రికి చేరడంలో జాప్యం, చేరాక చికిత్స అందడంలో జాప్యం. నిర్ణయాధికారం, డబ్బు, వాహనం పురుషుల చేతిలో ఉన్న కుటుంబాలలో మొదటి రెండు జాప్యాలు భర్త అవగాహనపైనే చాలావరకు ఆధారపడతాయి. అధిక రక్తస్రావం, మూర్ఛ, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారడం, ఉమ్మనీరు ముందే పోవడం ప్రమాద సూచనలని అతనికి తెలియకపోతే ఆసుపత్రికి బయలుదేరడమే ఆలస్యమవుతుంది. పునరుత్పత్తి ఆరోగ్యంలో పురుషుల బాధ్యతను అదే ఏడాది కైరోలో జరిగిన అంతర్జాతీయ జనాభా సదస్సు కూడా గుర్తించింది.

భారత ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రభుత్వ ఆసుపత్రులలో ‘ప్రసవ సహచరి’ని, అంటే నొప్పుల వేళ గర్భిణికి తోడుండే వ్యక్తిని, 2016లో అనుమతించినప్పుడు ప్రధానంగా బంధువులైన స్త్రీలను ఉద్దేశించి, ఇతర గర్భిణుల మరుగుకు భంగం కలగని ఏర్పాటున్న చోట భర్తకూ అవకాశమిచ్చింది. తోడుగా ఎవరు ఉండాలో ఎంచుకునే అధికారం గర్భిణిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫారసులు స్పష్టం చేస్తున్నాయి కనుక, భర్త సన్నిధి అతని హక్కుగా కాక ఆమె కోరికగా పరిగణన పొందవలసి ఉంది. ప్రసూతి గదిలో అతనికి చోటు కల్పించడానికి గోడలూ తెరలూ కావాలి. ప్రమాద సూచనలను ముందుగా చెప్పడానికి మాత్రం నెలవారీ పరీక్షలకు భార్యతో వచ్చిన అతన్ని బయట కూర్చోబెట్టకుండా లోపలికి పిలిస్తే చాలు.