చిన్నాయన అడిగిన పిస్తోలు

మొన్న శుక్రవారం కర్నూలు నుంచి చిన్నాయన ఫోన్ చేశాడు. పొలం గట్టు తగాదా ముదిరిందట. "ఏం రా, తుపాకి లైసెన్సుకు పెడదామనుకుంటాండా. రోజూ నడుముకి పెట్టుకోని తిరిగేదానికి చిన్న పిస్తోలు ఏది బాగుంటుందో కంప్యూటర్లో చూసి చెప్పు" అన్నాడు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాడికి ప్రింటర్ దగ్గర్నుంచి పిస్తోలు దాకా అన్నీ తెలుస్తాయని మా ఇంట్లో గట్టి నమ్మకం లెండి.

సరే, అలవాటు ప్రకారం ముందు రిక్వైర్‌మెంట్స్ రాసుకున్నాను. బరువు తక్కువుండాలి, చొక్కా కింద కనపడకూడదు, తీసేటప్పుడు గుడ్డకి తట్టుకోకూడదు, కింద పడితే పేలకూడదు. ఈ లిస్టు కొత్తదేం కాదు. అమెరికావాడు జాన్ బ్రౌనింగ్ వందేళ్ల క్రితమే దీనికి జవాబు వెతికాడు. 1903లో కోల్ట్ కంపెనీ కోసం ఆయన చేసిన జేబు పిస్తోలులో సుత్తి లోపలే దాగి ఉంటుంది, జేబు గుడ్డకి తగలదు. 1914లో సరయేవోలో ఆస్ట్రియా యువరాజుని చంపింది కూడా ఆయన డిజైన్ చేసిన 1910 మోడల్ చిన్న పిస్తోలే. ఆ తర్వాత జర్మనీ వాల్తర్ పీపీకే వచ్చింది. 1988లో గ్లాక్ 19 వచ్చింది: ఖాళీగా ఉంటే 600 గ్రాముల బరువు, 15 తూటాల మ్యాగజైన్. ఇప్పటికీ చాలామంది రోజువారీ పిస్తోలు అనగానే దాని పేరే చెప్తారు.

ఇంత చదివాక తెలిసిందేమిటంటే, చిన్నాయన విషయంలో ఎంపిక ఎప్పుడో జరిగిపోయింది! గ్లాక్ 19 వాడేది 9 ఎంఎం తూటా. మన దేశంలో సైన్యం, పోలీసులు వాడే తూటా పట్టే పిస్తోళ్లు మామూలు పౌరుడికి నిషిద్ధం. 9 ఎంఎం, .38, .455 అన్నీ ఆ లిస్టులోవే. మిగిలినవాటిలో ముఖ్యమైనది .32 బోరు. దాని తూటా శక్తి 9 ఎంఎంలో సగం కూడా ఉండదు. అయితే సినిమాలో జేమ్స్ బాండ్‌కి 1962లో ఇచ్చిన పీపీకే కూడా ఆ బోరుదే, చిన్నాయన చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

అసలీ లైసెన్సు కథ 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పటిది. ఆయుధాల చట్టం ప్రకారం భారతీయుడికి తుపాకీ కావాలంటే లైసెన్సు ఉండాలి, తెల్లవాడికి అక్కర్లేదు. అందుకే 1922 ఆగస్టులో మన అల్లూరి సీతారామరాజు తుపాకుల కోసం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడురోజులు పడాల్సి వచ్చింది. తీసుకున్నవన్నీ రిజిస్టరులో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు.

నేనుండే ఈ జిజాన్‌కీ ఆ కథకీ ఓ లింకుంది. ఇక్కడికి దగ్గర్లోని సబ్యా అప్పట్లో మహమ్మద్ అల్ ఇద్రిసీ రాజధాని. ఆయన టర్కీ మీద తిరగబడ్డాడు. 1911-12లో టర్కీతో యుద్ధం చేస్తున్న ఇటలీ ఆయనకి ఆయుధాలిచ్చింది. 1915లో ఏడెన్‌లోని బ్రిటిష్ రెసిడెంటు ఆయనతో ఒప్పందం చేసుకుని డబ్బూ మందుగుండూ ఇస్తామన్నాడు. ఏడెన్ అప్పుడు బొంబాయి ప్రభుత్వం కింద ఉండేది. అంటే మన్యంలో గిరిజనుడికి తుపాకీ వద్దన్న సర్కారే, సముద్రం దాటొచ్చి ఇక్కడి తెగలకి మందుగుండు ఇచ్చిందన్నమాట! ఎవడి చేతిలో ఆయుధం ఉండాలన్నది వాళ్ల అవసరాన్ని బట్టి మారింది.

మనవాళ్లకిది బాగా మండింది. 1930లో గాంధీ వైస్రాయి ముందుంచిన పదకొండు కోరికల్లో ఆత్మరక్షణకి తుపాకీ లైసెన్సులివ్వాలన్నది ఒకటి. అహింస అన్న మనిషే అడిగాడు చూడండి! తీరా స్వాతంత్ర్యం వచ్చాక, 1948 డిసెంబర్లో రాజ్యాంగసభలో హెచ్.వి. కామత్ ఆయుధం ధరించే హక్కు చేర్చమంటే అంబేద్కర్ ఒప్పుకోలేదు. ఆ హక్కు ఇస్తే దొంగకీ ఇవ్వాల్సి వస్తుందన్నాడు. 1959లో కొత్త చట్టం వచ్చింది, లైసెన్సు మాత్రం ఉండిపోయింది. చదివినప్పుడు అంబేద్కర్ మాటే నాకు సబబనిపించింది. చిన్నాయనకి ఇస్తే, గట్టుకి అవతలి ఆయనకీ ఇవ్వాలి కదా?

ఇక్కడి కొండల్లో, ఫైఫా వైపు, పెద్దవాళ్లు కొందరు ఇప్పటికీ నడుముకి జంబియా కట్టుకుంటారు. వంకీ తిరిగిన బాకు. దాని విలువంతా పిడిలోనే. ఖడ్గమృగం కొమ్ముతో చేసిన పిడికి యెమెన్‌లో ఎంత గిరాకీ ఉండేదంటే, 1982లో ఆ కొమ్ము దిగుమతినే నిషేధించారు. పరువు కోసం కట్టుకునే ఆ బాకుని కోపంలో ఒర నుంచి లాగడం తెగల కట్టుబాటులో పెద్ద తప్పు. ఒకసారి లాగితే పెద్దమనుషుల ముందు జవాబు చెప్పుకోవాలి. పిస్తోలుకి అలాంటి కట్టుబాటు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

నిన్న మళ్లీ ఫోన్ చేశాను. ".32 అయితే దొరుకుతుంది చిన్నాయనా. అది సరే, రాత్రిళ్లు ఎక్కడ పెడతావు?" అన్నాను.

"తలగడ కింద."

"వేసవి సెలవులకి పిల్లలంతా ఆ మంచం మీదే కదా దొర్లేది?"

కాసేపు మాట లేదు. తర్వాత "ఆ సర్వేయర్‌ని ఇంకోసారి పిలిపిస్తాలే" అన్నాడు. దరఖాస్తు మాత్రం చించెయ్యలేదట. పెట్టేటట్టుంటే పిస్తోలు కన్నా ముందు తాళమున్న ఇనప్పెట్టె కొనమన్నాను.

అదండీ సంగతి.