కారే కన్నీరు, ఎదగని సైనస్: సంబంధం ఎంతవరకు?

ఒక కంటి నుంచే నీరు కారేవారికి సీటీ స్కాన్ తీస్తే, అదే వైపు చెంపలోని మాగ్జిలరీ సైనస్ చిన్నదిగా కనిపించడం కద్దు. రెండూ ఒకే పక్కన ఉన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేల్చవచ్చునా అన్నది పరిశీలించదగిన అంశం.

1. శరీర నిర్మాణం ఈ ఊహకు కొంత ఊతమిస్తుంది. కన్నీటి సంచి నుంచి దిగే నాళం ఒక ఎముక కాలువ గుండా ముక్కులోకి చేరుతుంది. ఆ కాలువ గోడలో ఎక్కువ భాగం పైదవడ ఎముకదే. సైనస్ ఉండేదీ ఆ ఎముకలోనే. అయితే కాలక్రమం ఇందుకు అంతగా సహకరించదు. కన్నీటి నాళపు తొలి రూపం పిండదశలో సైనస్ కంటే ముందే ఏర్పడుతుంది. సైనస్ గర్భంలో మూడో నెల ప్రాంతంలో మొదలై, పుట్టేనాటికి చిన్న సందులా ఉండి, కౌమారం దాకా పెరుగుతుంది. కాబట్టి సైనస్ ఎదగనందువల్ల నాళమే ఏర్పడలేదనడం పొసగదు. ఏర్పడిన నాళం తరువాత ఇరుకైందని మాత్రం అనవచ్చు, అదీ స్కాన్‌లో రెండు వైపులా పోల్చి చూశాకే.

2. ఎదగని సైనస్ అంత అరుదేమీ కాదు. వైద్యుడు బోల్జర్ బృందం 1990లో దీన్ని మూడు తరగతులుగా విభజించింది. వారు స్కాన్లు చూసిన రోగుల్లో సుమారు 10 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో ఈ లోపం ఉంది, అందులోనూ స్వల్ప తరగతే ఎక్కువ. కన్నీరు కారడానికి కారణాలూ అనేకం: పసిపిల్లల్లో నాళం చివర తెరుచుకోని పొర, పెద్దల్లో నాళం ఇరుకవడం, రెప్ప వదులవడం, చివరికి పొడికన్ను కూడా. ఇంత సాధారణమైన రెండు విషయాలు ఒకే మనిషిలో యాదృచ్ఛికంగా కలవడం వింత కాదు.

3. అసలు ఆ సైనస్ ఎదగలేదా, ఎదిగి కుంచించుకుపోయిందా? వైద్యుడు మాంట్‌గోమరీ 1964లో వర్ణించిన స్థితికి 1994లో ‘సైలెంట్ సైనస్ సిండ్రోమ్’ అన్న పేరు వచ్చింది. సైనస్ ద్వారం మూసుకుపోయి, లోపలి పీడనం తగ్గి, గోడలు లోనికి లాగబడతాయి. కన్ను క్రమేణా లోతుకు పోతుంది. ఈ పేరు రాకముందు ‘ఎదగని సైనస్’ అని నమోదైన వాటిలో కొన్ని ఇవే అయి ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేము. కన్ను ఎప్పటి నుంచి లోతుకు పోయిందో చూపే రోగి పాత ఫోటోలు ఇక్కడ స్కాన్‌కు తీసిపోని సాక్ష్యం.

4. నాళం మూసుకుందో లేదో తెలుసుకోవడానికి రెప్ప మూలనున్న రంధ్రంలోంచి సన్నని గొట్టంతో సెలైన్ పంపుతారు. గొంతులో ఉప్పగా తగిలితే, పూర్తి అడ్డంకి లేదన్నమాట. అలాంటప్పుడు సైనస్‌ను తప్పుపట్టే వాదన బలహీనపడుతుంది.

డీసీఆర్ (డాక్రియోసిస్టోరైనోస్టమీ) ఆపరేషన్‌తో నీరు ఆగిందన్న ఫలితాన్నీ కొందరు రుజువుగా చూపుతారు. ఇది ఒప్పదగినది కాదు. వైద్యుడు టోటి 1904లో వివరించిన నాటి నుంచీ ఆ ఆపరేషన్ చేసేది ఒక్కటే: సంచి నుంచి ముక్కులోకి కొత్త దారి తీయడం. పాత దారి ఎందుకు మూసుకున్నా ఫలితం ఒకటే.

కారణంగా నిలవకపోయినా, ముక్కులోంచి ఆపరేషన్ చేసే సర్జన్ చిన్న సైనస్‌ను ముందే గుర్తించవలసిందే. చిన్న సైనస్ ఉన్నవారిలో దాని ద్వారాన్ని కాచే కొక్కెం లాంటి ఎముక రేకు కంటి గూటి గోడకు దాదాపు అతుక్కుని ఉండవచ్చు; పరికరం కాస్త పక్కకు జరిగితే చేరేది కంటి గూటిలోకే.