బిరుదులు, పతకాలు, దౌత్యోద్యోగులు

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని సంపాదకవర్గం వారు కోరారు. బడి రోజుల ముచ్చట్లు రాసేవాళ్లు ఎలాగూ చాలామంది ఉంటారు. అందుకని నేను బతుకంతా చేసిన ఉద్యోగం వైపు నుంచి ఒక చరిత్ర విషయం రాస్తున్నాను.

1976లో మన బడిలో పదో తరగతి పూర్తిచేసిన నేను, ఆ తర్వాత డిగ్రీ చదివి, పరీక్ష రాసి, విదేశాంగ శాఖలో బి బ్రాంచి అసిస్టెంటుగా చేరాను. రాయబారిని కాను. రాయబార కార్యాలయంలో కాగితాలు చూసేవాణ్ణి. సెలవులకు ఊరొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు, "అన్నేళ్లుగా దేశం కోసం పరాయి దేశాల్లో ఉంటున్నావు కదా, పద్మశ్రీ లాంటిదేమైనా ఇస్తారా?" అని అడిగేవారు. ఉద్యోగంలో ఉండగా ఇవ్వరు, ఇవ్వకూడదని నిబంధన ఉంది అంటే నమ్మేవారు కాదు. ఆ నిబంధన ఎందుకొచ్చిందో, దానివల్ల ఎవరికి గౌరవం దక్కిందో, ఎవరికి దక్కలేదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బిరుదుల కాలం

మన తాతల తరానికి సర్కారు గౌరవం అంటే బిరుదే. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో రావు సాహెబ్, రావు బహద్దూర్, దివాన్ బహద్దూర్‌లు ఉండేవారు. నిజాం రాజ్యంలో జంగ్, దౌలా, ముల్క్ అని ముగిసే బిరుదులు ఉండేవి. బిరుదు పేరులో కలిసిపోయేది. అసలు పేరు మరుగునపడి బిరుదే మిగిలిన పెద్దలూ ఉన్నారు. దొరగారికి నచ్చితే బిరుదు, నచ్చకపోతే లేదు. జలియన్‌వాలా బాగ్ కాల్పుల తర్వాత 1919లో రవీంద్రనాథ్ టాగోర్ తన సర్ బిరుదును వదులుకున్నారంటే, ఆ బిరుదు మెడలో పూలదండలా కాక పలుపుతాడులా తోచబట్టే.

ఇంగ్లండులో దౌత్యోద్యోగులకు ప్రత్యేకంగా ఒక గౌరవ శ్రేణి ఉంది. 1818లో మాల్టా, అయోనియన్ దీవుల కోసం మొదలుపెట్టిన సెయింట్ మైకేల్ అండ్ సెయింట్ జార్జ్ శ్రేణి క్రమంగా విదేశాంగ శాఖ వారి సొత్తయింది. అందులో మెట్లు మూడు: సి.ఎం.జి., కె.సి.ఎం.జి., జి.సి.ఎం.జి. ఆ అక్షరాల మీద వాళ్ల గుమస్తాలే ఒక పరిహాసం అల్లుకున్నారు. మొదటి మెట్టువాడు "కాల్ మీ గాడ్", అంటే నన్ను దేవుడనండి అంటాడట. రెండో మెట్టువాడు "కైండ్లీ కాల్ మీ గాడ్", దయచేసి దేవుడనండి అంటాడట. మూడో మెట్టువాణ్ణి దేవుడే దేవుడా అని పిలుస్తాడట. నవ్వు పక్కనబెడితే, ఉద్యోగంలో పై మెట్టు ఎక్కిన కొద్దీ పతకమూ పై మెట్టుది రావడం అక్కడ ఆనవాయితీ.

మన రాజ్యాంగం ఈ రెండు దారులూ వద్దంది. 18వ అధికరణం ప్రకారం సైనిక, విద్యా సంబంధమైన గుర్తింపులు తప్ప రాజ్యం ఎవరికీ బిరుదులు ఇవ్వకూడదు. భారత పౌరుడు విదేశీ రాజ్యం నుంచి బిరుదు తీసుకోకూడదు. ప్రభుత్వ పదవిలో ఉన్నవారు రాష్ట్రపతి అనుమతి లేకుండా విదేశీ రాజ్యం నుంచి కానుక కూడా పుచ్చుకోకూడదు.

ఈ కానుకల భయం మనతో పుట్టినది కాదు. 1785లో ఫ్రాన్సు విడిచి వెళుతున్న అమెరికా రాయబారి బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు పదహారో లూయీ రాజు తన బొమ్మ చుట్టూ 408 వజ్రాలు పొదిగిన పెట్టె ఇచ్చాడు. అంతటివాడికీ దాన్ని ఉంచుకోవడానికి కాంగ్రెసు అనుమతి కావలసి వచ్చింది. తర్వాత అమెరికా రాజ్యాంగంలోనే ఆ కట్టడి చేరింది. మన శాఖలో తోషాఖానా అని ఒకటుంది. విదేశీయులు ఇచ్చిన విలువైన వస్తువును 30 రోజుల్లోగా అక్కడ చూపించాలి. రాయబారి గారైనా అంతే, నాలాంటి అసిస్టెంటైనా అంతే.

పద్మాల కథ

బిరుదులు వద్దన్నాక మంచి పనికి గుర్తింపు ఎలా? 1954 జనవరి 2న భారతరత్న, పద్మవిభూషణ్ నెలకొల్పారు. పద్మవిభూషణ్‌లో మొదట పహలా వర్గ్, దూసరా వర్గ్, తీసరా వర్గ్ అని మూడు తరగతులు ఉండేవి. ఆ పేర్లు రైలు టికెట్లలా ఉన్నాయనుకున్నారో ఏమో, 1955 జనవరి 8న వాటిని పద్మవిభూషణ్, పద్మభూషణ్, పద్మశ్రీగా మార్చారు.

తొలి రోజుల్లో దౌత్యరంగం వారికి ఈ గౌరవం బాగానే అందింది. 1954లో మొదటి తరగతి పొందిన ఆరుగురిలో లండన్‌లో మన హైకమిషనర్లుగా పనిచేసిన వి.కె. కృష్ణ మీనన్, బి.జి. ఖేర్ ఇద్దరూ ఉన్నారు. స్వతంత్ర భారత తొలి విదేశాంగ కార్యదర్శి కె.పి.ఎస్. మీనన్‌కు 1958లో పద్మభూషణ్ వచ్చేనాటికి ఆయన మాస్కోలో రాయబారిగా ఉన్నారు. మన హైదరాబాదువాడు, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడిగా చేసిన అలీ యావర్ జంగ్ సంగతి మరీ ఆసక్తికరం. అర్జెంటీనా, ఈజిప్టు, యుగోస్లావియా, ఫ్రాన్సు, అమెరికాల్లో మన రాయబారిగా పనిచేసిన ఆయనకు 1959లో పద్మభూషణ్, మరణానంతరం 1977లో పద్మవిభూషణ్ లభించాయి. పేరు చివర నిజాం కాలపు జంగ్, పేరుకు అంటుకోకుండా గణతంత్రం ఇచ్చిన పద్మాలు! ఒక్క మనిషిలో రెండు యుగాలు.

అయితే, పద్మాలు కూడా మారువేషంలో వచ్చిన బిరుదులేనన్న వాదం మొదటినుంచీ ఉంది. 1969లో ఆచార్య కృపలానీ వీటిని రద్దు చేయాలని పార్లమెంటులో బిల్లు పెట్టారు. అది నెగ్గలేదు. 1977లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం వాటిని ఆపేసింది. 1980 జనవరిలో ఇందిరాగాంధీ ప్రభుత్వం తిరిగి తెచ్చింది. చివరకు 1995 డిసెంబరు 15న సుప్రీంకోర్టు, ఇవి బిరుదులు కావు, కనుక రాజ్యాంగ విరుద్ధం కావు, కానీ పేరుకు ముందూ వెనుకా తగిలించుకోకూడదు అని తీర్పు చెప్పింది. మన వైపు సన్మాన పత్రాల్లో, శుభలేఖల్లో ఈ తీర్పు ఇంకా అమలులోకి రాలేదు!

ఇప్పుడున్న నిబంధన ప్రకారం డాక్టర్లు, శాస్త్రవేత్తలు తప్ప ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వరంగ సంస్థల వారు ఉద్యోగంలో ఉండగా పద్మ పురస్కారాలకు అర్హులు కారు. అందుకే మాజీ విదేశాంగ కార్యదర్శులు శ్యామ్ శరణ్‌కు 2011లో పద్మభూషణ్, ఎస్. జైశంకర్‌కు 2019లో పద్మశ్రీ వచ్చినా, అవి సర్వీసు ముగిశాకే వచ్చాయి. ఈ నిబంధన సబబేనని నా అభిప్రాయం. ఫైలు నడిపేవాళ్లు తమ మెడలో తామే దండ వేసుకోవడం మొదలుపెడితే బిరుదుల కాలానికీ మనకూ తేడా ఉండదు.

ప్రాణానికి ఇచ్చే పతకం

ఉద్యోగంలో ఉన్న దౌత్యవేత్తకూ ఇవ్వదగిన పతకం ఒకటుంది. అది శౌర్యానిది. యుద్ధభూమిలో కాకుండా చూపిన సాహసానికి 1952లో అశోకచక్రను మూడు తరగతులుగా ఏర్పాటు చేశారు. 1967లో రెండో తరగతికి కీర్తిచక్ర, మూడో తరగతికి శౌర్యచక్ర అని పేర్లు పెట్టారు. ఇవి సైనికులతో పాటు పౌరులకూ ఇస్తారు.

2008 జూలై 7న కాబూల్‌లోని మన రాయబార కార్యాలయం గేటు దగ్గర కారుబాంబు పేలింది. మరణించినవారిలో అక్కడ కౌన్సెలర్‌గా ఉన్న మన తెలుగువాడు వి. వెంకటేశ్వరరావు, రక్షణ విభాగం అధికారి బ్రిగేడియర్ రవిదత్ మెహతా, ఐ.టి.బి.పి. జవాన్లు ఉన్నారు. అందరికంటే ఎక్కువగా చనిపోయింది వీసా కోసం వచ్చిన, దారిన పోతున్న ఆఫ్ఘన్లు. వెంకటేశ్వరరావు గారికి మరణానంతరం కీర్తిచక్ర ప్రకటించారు. ఆ వార్త చదివిన రోజు మా ఆఫీసులో ఎవరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. పొద్దున ఆఫీసుకు బయలుదేరి గేటు దాటడమే ఆయన చేసిన పని. రోజూ మేమందరమూ చేసే పని.

అంతకు చాలా ముందు, 1984 ఫిబ్రవరిలో, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పనిచేస్తున్న రవీంద్ర మ్హాత్రేను కాశ్మీరీ వేర్పాటువాదులు ఎత్తుకెళ్లి చంపేశారు. పుణె నగరంలో ఒక వంతెనకు ఆయన పేరు పెట్టారు. ఆ వంతెన మీద రోజూ వేలమంది వెళతారు. పతకం బీరువాలో ఉంటుంది, వంతెన దారిలో ఉంటుంది. ఏది పెద్ద గౌరవమో పాఠకులే చెప్పాలి.

ప్రభుత్వం మాట వినని వాళ్లు

పద్మాలు ప్రభుత్వానికి తెలిసిన ప్రతిభకు ఇస్తారు. చక్రాలు అందరికీ కనబడిన సాహసానికి ఇస్తారు. మరి ప్రభుత్వ ఉత్తర్వుకు అడ్డం తిరిగి మంచిపని చేసిన ఉద్యోగి మాటేమిటి?

1940 జూన్‌లో జర్మన్ సేనలు ఫ్రాన్సును ముంచెత్తుతుంటే, బోర్డో నగరంలోని పోర్చుగల్ కాన్సల్ అరిస్టిడెస్ డి సౌసా మెండెస్ గుమ్మం ముందు శరణార్థులు బారులు తీరారు. వారిలో యూదులు ఎందరో. అనుమతి లేకుండా వీసాలు ఇవ్వవద్దని అంతకు ముందు సంవత్సరమే లిస్బన్ నుంచి సర్క్యులర్ వచ్చింది. ఆయన దాన్ని పక్కనబెట్టి వేలాది వీసాల మీద సంతకాలు చేశాడు. నియంత సలజార్ ప్రభుత్వం ఆయన మీద విచారణ జరిపి ఉద్యోగం నుంచి తప్పించింది. మనం పద్మాలు మొదలుపెట్టిన 1954లోనే ఆయన పేదరికంలో కన్నుమూశాడు. 1966లో ఇజ్రాయెల్ ఆయన్ను గౌరవించింది. సొంత దేశపు పార్లమెంటు ఆయన మీద నేరాలను కొట్టివేసి, రాయబారి హోదా ఇచ్చింది 1988లో!

అదే 1940 వేసవిలో లిథువేనియాలోని కౌనస్‌లో జపాన్ వైస్ కాన్సల్ చియునే సుగిహారా కూడా, షరతులకు సరిపోని వారికీ ఇస్తూ, రెండు వేలకు పైగా వీసాలు రాశాడు. 1947లో ఆయన ఉద్యోగం పోయింది. 1984లో ఇజ్రాయెల్ గౌరవం, 1986లో మరణం. జపాన్ విదేశాంగ శాఖ తన భవనంలో ఆయన పేర ఫలకం పెట్టింది 2000లో.

వీళ్లిద్దరూ చేసిందేమిటి? కాగితం మీద ముద్ర వేసి సంతకం పెట్టారు. నా ఉద్యోగమూ అదే కాబట్టి ఆ సంతకం విలువ నాకు తెలుసు. ప్రభుత్వాలు పతకాలు ఇచ్చేది తాము గుర్తుంచుకోదలచిన వాటికే. మిగతావి గుర్తుంచుకోవలసింది జనం.

పతకం లేని పని

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన మనవాళ్లు ఎందరో అక్కడ చిక్కుకుపోయారు. బస్సుల్లో ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరిన భారతీయులను ఎయిర్ ఇండియా 488 విమానాల్లో తీసుకొచ్చింది. లక్షమందికి పైగా ఇల్లు చేరారు. విమానాలు అందరికీ గుర్తున్నాయి. అంతమందికీ పేర్లు రాసి, పాస్‌పోర్టు లేనివారికి ప్రయాణ పత్రం చేసి, ఆకలేసిన వారికి దారి చూపిన గుమస్తాలు ఎవరికీ తెలియరు.

నేనప్పుడు అక్కడ లేను. తర్వాత వేరే గల్ఫ్ దేశంలో పనిచేశాను. యజమాని దగ్గర పాస్‌పోర్టు చిక్కుకుపోయిన మనిషికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ రాయడం, చనిపోయిన కూలీ శవాన్ని ఇంటికి పంపడానికి మరణం నమోదుచేసి, పాస్‌పోర్టు రద్దుచేసి, నిరభ్యంతర పత్రం ఇవ్వడం మా రోజువారీ పని. ఫోనులో అవతల ఏడుస్తున్న తల్లికి తెలుగులో "అమ్మా, శుక్రవారం విమానానికి పంపుతున్నాం" అని చెప్పగలగడం నా ఉద్యోగంలో నాకు మిగిలిన తృప్తి. ఇలాంటి పనికి ఏ పతకమూ కొలత కుదరదు. కుదరాలనీ నేను అనను.

కానీ ఒక మాట చెప్పాలి. పద్మ పురస్కారాలకు ఇప్పుడు ఏ పౌరుడైనా ఆన్‌లైన్‌లో పేరు ప్రతిపాదించవచ్చు. కలెక్టరు గారి దయ అక్కర్లేదు. ఉద్యోగంలో ఉన్నవారికి కుదరకపోయినా, విరమించినవారు అర్హులే. మరణానంతరం ఇవ్వడం మాత్రం అరుదు. అదీ మరణించి ఏడాది దాటని వారికే. మన బడి నుంచి వెళ్లి నర్సులుగా, రాయబార కార్యాలయాల డ్రైవర్లుగా, గల్ఫ్‌లో సాటి తెలుగువారికి దిక్కుగా నిలిచినవారు మన పాత బ్యాచుల్లోనే ఉన్నారు. డెబ్బై దాటినవారు ఉన్నారు. వాళ్లు ఏం చేశారో అడిగి రాసిపెట్టే పని మన సంఘం ఈ సంవత్సరమే మొదలుపెడితే బాగుంటుంది. పద్మం వచ్చినా రాకపోయినా, ఆ రాసిన కాగితం మన బడి గ్రంథాలయంలో ఉంటుంది. ప్రతిపాదనకు వారు అడిగేది 800 పదాలకు మించని వివరణ. ఈ వ్యాసం అంతకంటే పొడుగు.

(వ్యాసకర్త 1976 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి, విదేశాంగ శాఖ విశ్రాంత ఉద్యోగి)