కారు నిద్రించినను నిద్రింపని గడియారము

మోటారు కారులో ఎంజిను ఆగిన పిమ్మట కూడ ఆగక నడువవలసిన యంత్రము ఒకటి కలదు. అది గడియారము. పాత స్పోర్ట్సు కార్లను ప్రాణప్రదముగ కాపాడుకొనువారికి తరచు చిక్కు తెచ్చిపెట్టునది కూడ అదియే. ఇందుకు కారణము దాని చరిత్రలోనే ఇమిడియున్నది.

తొలినాటి కార్లలో గడియారమునకు చేతితో కీ ఇయ్యవలసియుండెను. ఒకసారి కీ ఇచ్చినచో ఎనిమిది దినములు నడచు గడియారములు ఆనాడు వాడుకలో నుండెడివి. మరచినచో ఆగిపోయెడివి. కారులో బాటరీకి స్థానమేర్పడిన తరువాత కీ ఇచ్చు పనిని విద్యుత్తునకు అప్పగించిరి.

1963 నమూనాగ అమెరికాలో వెలువడిన షెవ్రొలె కార్వెట్ స్టింగ్ రే కారును ఉదాహరణగ గైకొందము. దాని డాష్‌బోర్డులోనిది పేరునకు విద్యుత్ గడియారమే. కాని కాలమును కొలుచునవి మాత్రము పూర్వపు స్ప్రింగు, చక్రములే. స్ప్రింగు సడలినకొలది ఒక మీట మెల్లగ కదలివచ్చి, ఒకటి రెండు నిమిషములకొకసారి రెండు లోహపు పాయింట్లను కలుపును. తక్షణమే విద్యుదయస్కాంతము మీటను వెనుకకు తన్నును. స్ప్రింగు మరల బిగియును, పాయింట్లు విడిపోవును. చెవియొగ్గినచో వినవచ్చు 'టక్కు' మను చప్పుడు ఇదియే.

12 వోల్టుల బాటరీ బలముగ నున్నంతకాలము ఈ పని రెప్పపాటులో ముగియును. కారును నెలల తరబడి షెడ్డులో నిలిపినచో బాటరీ నీరసించును. అప్పుడు మీటను తన్నుటకు అయస్కాంతమునకు శక్తి చాలదు. పాయింట్లు కలిసినవి కలిసినట్లే యుండును. రెప్పపాటు పనికై చుట్టిన తీగచుట్టలో విద్యుత్తు ఎడతెగక ప్రవహించి, తుదకు దానిని కాల్చివేయును. ఈ ప్రమాదమునెరిగి కొన్ని జర్మన్ గడియారములలో, వేడికి కరగి విద్యుత్తును త్రెంచెడి టంకపు అతుకును అమర్చిరి.

అందుచేత ఆగిన గడియారమును విప్పుటకు ముందు బాటరీని, ఫ్యూజును, తీగల అతుకులను పరీక్షింపవలెను. విద్యుత్తు సరిగ అందుచున్నను చప్పుడు లేనిచో పాయింట్లు నల్లబడి గుంటలు పడియుండవచ్చును. తీగను విడదీసి, సన్నని ఆకురాయితో వానిని శుభ్రపరుపవలెను. అప్పటికిని చప్పుడు రానిచో తీగచుట్ట తెగినదేమో మీటరుతో చూడవలెను. చప్పుడు వినవచ్చుచున్నను ముల్లులు వెనుకబడుచున్నచో లోపలి నూనె ఎండియుండునని అనుమానింపవచ్చును.

1969 డిసెంబరు 25న జపానులో సీకో సంస్థ తొలి క్వార్ట్జ్ చేతిగడియారమును విక్రయమునకు తెచ్చెను. తదుపరి కార్లలోను ఆ పద్ధతియే వ్యాపించినది. నేడు పాత ముఖఫలకము వెనుక క్వార్ట్జ్ యంత్రమును అమర్చుకొనువారు కలరు. దానికి పాయింట్లు లేవు. కాలిపోవు చుట్టయు లేదు. అయినను తీసివేసిన యంత్రమును పారవేయరాదు. అట్టివి మరల తయారగుట లేదు.

పాత యంత్రమునే నిలుపుకొనగోరువారు పాటింపవలసిన నియమము ఒక్కటే. కారును చిరకాలము నిలిపియుంచవలసివచ్చినచో ముందుగ బాటరీ తీగను విడదీయవలెను. అప్పుడు గడియారము ఆగిపోవును, కాని చెడిపోదు.